చిన్న కంప్యూటర్ క్యాబినెట్‌లో 240 లిక్విడ్ కూలర్ పడుతుందా? పెళ్లి సీజన్‌కు ముందే తేల్చుకోవాలి

హన్మకొండ ఎడిటర్:
అన్నలూ, నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పొద్దున తలంబ్రాలు పడితే సాయంత్రం రిసెప్షన్‌లో ఎల్ఈడీ తెర మీద మూడు నిమిషాల హైలైట్స్ రావాలి, అందుకే సిస్టమ్‌ను బ్యాగులో పెట్టుకుని ఫంక్షన్ హాల్‌కే తీసుకుపోతాను. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పి క్యాబినెట్, 18 లీటర్ల పైచిలుకు అంతే, మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, రైజెన్ 9 7900ఎక్స్ ప్రాసెసర్, రెండు స్లాట్ల గ్రాఫిక్ కార్డ్. ప్రాసెసర్ మీద ఇప్పుడు అరచేయంత ఎయిర్ కూలర్ ఉంది.

పోయిన మే నెలలో పరకాల వైపు ఒక పెళ్లికి వెళ్తే నన్ను వంట సామాను పెట్టే గదిలో కూర్చోబెట్టారు. ఏసీ లేదు, కిటికీ తీస్తే వడగాలి. ప్రాసెసర్ 95 డిగ్రీలకు ఎక్కి అక్కడే ఉండిపోయింది, రెండర్ నత్తనడక నడిచింది, పెళ్లికొడుకు వాళ్ల నాన్న మూడుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ టెన్షన్ మళ్లీ నావల్ల కాదు. 240 ఎంఎం లిక్విడ్ కూలర్ వేద్దామనుకుంటున్నా, అదే, పంపు తిప్పే ద్రవం ప్రాసెసర్ వేడిని రెండు ఫ్యాన్లున్న రేడియేటర్‌కు మోసుకెళ్లేది. ఎక్కడ బిగించాలి, పక్కనా కిందనా? అద్దం ప్యానెల్ ఉంచుకోవచ్చా? ఆటోలో, బస్సులో తిప్పితే లీకవుతుందా?

కరీంనగర్ బిల్డర్:
తమ్మీ, పడుతుంది, కానీ కొనేముందు ఒక పని చెయ్. మానిటర్ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ ఉంటది కదా, దాన్ని 277 పొడవు, 120 వెడల్పు, 52 మందం మిల్లీమీటర్లకు కోసి పక్క బ్రాకెట్ దగ్గర పెట్టి చూడు. మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, కలిపితే 52. సన్న ఫ్యాన్లు 15 ఎంఎం వస్తాయి, వాటితో 42కి దిగొచ్చు, కాకపోతే అవి గాలిని అంత బలంగా తొయ్యవు, గత్యంతరం లేకపోతేనే వాడు.

నేను ఇదే క్యాబినెట్‌లో కట్టాను. రేడియేటర్ సులువుగానే కూర్చుంది, నన్ను ఏడిపించింది ట్యూబులే. అవి పెద్ద క్యాబినెట్లకు సరిపోయేటట్టు పొడుగ్గా ఇస్తారు, ఇక్కడ మిగిలిన ట్యూబు ఎటు పోతుంది? నాది పైకి ఉబ్బి పై ఫ్యాన్ రెక్కకు తగిలి టిక్ టిక్ టిక్ అని కొట్టుకునేది, మూడు రోజులు ఫ్యాన్ బేరింగ్ పోయిందనుకున్నా. తర్వాత రేడియేటర్‌ను తిప్పి ట్యూబులు ముందుకు, పవర్ సప్లై వైపు వచ్చేలా బిగించి, బోర్డుకు కరెంటిచ్చే 24 పిన్నుల కేబుల్‌ను దాని వెనక్కి కట్టేస్తే ఆగింది. ట్యూబును గట్టిగా వంచకు, మడత పడితే నీళ్లు తిరగవు. ఇంకోటి, ఇంతకన్నా పెద్దదైన 280 రేడియేటర్ జోలికి పోకు, వెడల్పాటి గ్రాఫిక్ కార్డులకు తగులుతది.

అద్దం మాత్రం మర్చిపో. రేడియేటర్ పక్కన ఉన్నప్పుడు అద్దం పెడితే ఫ్యాన్లకు గాలి ఎక్కడిది? డబ్బాలోనే చిల్లుల ప్యానెల్ కూడా ఇచ్చారు, అది వెయ్. పక్క ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగాలి, పైన రెండూ వేడిని బయటికి తొయ్యాలి.

కాజీపేట:
కింద మాత్రం పెట్టకండి అన్నా, అనుభవంతో చెప్తున్నా. నాది వేరే చిన్న క్యాబినెట్, అందంగా ఉంటుందని రేడియేటర్ కింద వేశాను. సీల్ చేసిన కూలర్‌లో కూడా కొంచెం గాలి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ద్రవం ట్యూబుల గోడల్లోంచి చాలా నెమ్మదిగా ఆవిరై ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కదా, రేడియేటర్ కింద ఉంటే అన్నింటికన్నా ఎత్తులో ఉండేది పంపే. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కుండలో నీళ్లు వంపినట్టు గుడగుడమనేది. క్యాబినెట్ పక్కకు వంచితే గంటసేపు ఆగేది, మళ్లీ మొదలు. పంపు పొడిగా తిరిగితే ఎక్కువకాలం బతకదు.

పక్కన బిగిస్తే రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి, అది చూసుకోండి చాలు, గాలి అక్కడ చేరి ఊరుకుంటుంది. పంపు వైరును బోర్డు మీద పంపు కోసం ఇచ్చిన చోట పెట్టి ఫుల్ స్పీడులో వదిలేయండి, తగ్గించాల్సింది ఫ్యాన్లనే.

బస్సులో తిప్పితే లీకవుతుందన్న భయం అక్కర్లేదు, అది సీల్ చేసే వస్తుంది. నిజానికి ప్రయాణాలకు లిక్విడే నయం, ప్రాసెసర్ మీద బరువు తక్కువ. కిలో బరువున్న టవర్ కూలర్, అంటే బోర్డు మీద ఎత్తుగా లేచే ఎయిర్ కూలర్, గుంతల రోడ్డు మీద ఊగితే బోర్డుకే ముప్పు.

ఎనుమాముల వాసి:
కాజీపేట తమ్ముడు అన్నది నిజమే, కానీ టవర్లన్నీ కిలో ఉండవు. ఆ క్యాబినెట్‌లో దాదాపు 155 ఎంఎం ఎత్తు దాకా టవర్ పడుతుంది, ఒక్క ఫ్యాన్‌ది చూసుకోవచ్చు. అయినా ఎడిటర్ గారూ, ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. 7900ఎక్స్ 170 వాట్ల చిప్ అని రాస్తారు గానీ బోర్డు మీది ప్రాసెసర్ సాకెట్ నుంచి 230 వాట్ల దాకా లాగుతుంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, కరెంటు వాడకానికి హద్దు పెట్టే ఈకో మోడ్ ఉంటుంది, 105 పెడితే 142 వాట్ల దగ్గర, 65 పెడితే 88 దగ్గర ఆగుతుంది. మొదటిదానితో రెండర్ టైములో పెద్ద తేడా రాదు. 95 అనేది ఆ చిప్‌కు కంపెనీ పెట్టిన హద్దే, దాన్ని చూసి చిప్ పాడవుతుందని కంగారు పడొద్దు, స్పీడు పడిపోవడమే అసలు బాధ.

లిక్విడ్ వేసినా గది గాలి కన్నా చల్లబడదు. గదిలో 40 ఉంటే ఆ 40 మీదే లెక్క మొదలవుతుంది, ద్రవం చేసేదల్లా వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి ప్యానెల్ దాకా మోసుకురావడం. అందుకే ప్యానెల్ దగ్గర దారి శుభ్రంగా ఉండాలి. మా ఇల్లు మార్కెట్ పక్కనే, దసరా తర్వాత పత్తి బండ్లు మొదలైతే దూది గాల్లో తేలుతూనే ఉంటుంది. పోయిన సంక్రాంతికి విప్పి చూస్తే రేడియేటర్ రేకుల మధ్య తెల్లగా, దుప్పటి పరిచినట్టు పేరుకుపోయింది, గోటితో లాగితే పొరలా ఊడివచ్చింది. ఎయిర్ కూలర్ అయితే బ్రష్‌తో పోయేది, దీనికి నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాన్లు తీయాల్సివచ్చింది. చిల్లుల ప్యానెల్‌కు ఫిల్టర్ వేసి, నెలకోసారి దులపండి.

హన్మకొండ ఎడిటర్:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రే ఈకో మోడ్ 105 పెట్టి, ఏసీ ఆపి, పాత పెళ్లి ప్రాజెక్ట్ ఒకటి మళ్లీ రెండర్ చేశాను. ఈసారి 95 దాకా పోలేదు కానీ 90 దాటింది, మేలో ఆ వంటసామాను గదిలో అయితే ఇది సరిపోదు. అందుకని లిక్విడే. థర్మాకోల్ ముక్క కోసి పెట్టి చూశాను కరీంనగర్ అన్నా, గ్రాఫిక్ కార్డ్ పవర్ కేబుల్ వంపు ఒక్కటే దానికి ఆనుతోంది, కేబుల్‌ను కిందికి లాగి కడితే వేలు పట్టేంత సందు వస్తోంది. అద్దం ప్యానెల్ తీసి దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాను. ట్యూబులు ముందుకే తిప్పుతా. బిగించాక ఫొటోలు పెడతాను.