సరదాగా వాయించుకునేవారికి ఎన్ని గిటార్లు ఉంటే సరిపోతాయి?

ప్రశ్న: ఉక్కునగరం శ్రోత

మొన్న ఆయుధపూజ నాడు కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరు తాళాల పక్కన నా మూడు గిటార్లను కూడా వరుసగా గోడకు ఆనించి మా ఇంటావిడ పసుపు కుంకుమలు పెట్టింది. పూలు పెట్టడానికి వంగిన మా అత్తగారు ఒక గిటారు దగ్గర ఆగి, "దీనికి రెండు తీగలు లేవు కదా బాబూ, తీగలు తెగిన వాయిద్యానికి పూజ చేయవచ్చునా?" అని అడిగారు. ఆ తీగలు ఎప్పుడు తెగాయో నాకే తెలియదు. దాని సంచి జిప్పు తెరిచి ఎన్ని నెలలయిందో కూడా చెప్పలేకపోయాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఆ ముందు రాత్రే నేను నాలుగో గిటారు కోసం ఫోనులో ధరలు చూసుకుంటూ పన్నెండు దాటేదాకా మేలుకొని ఉన్నాను.

నా వయసు 43. షిఫ్టు ఉద్యోగం కావడం వల్ల వారానికి నాలుగు గంటలకు మించి వాయించడం కుదరదు. కచేరీలు చేసే ఉద్దేశం లేదు. నెలకు ఒకసారి ముగ్గురు మిత్రులం ఒకరింట చేరి పాత సినిమా పాటలు వాయించుకుంటాం, అంతే. కాలేజీ రోజుల్లో కొన్న యమహా ఎఫ్310 అకౌస్టిక్, ఆరేళ్ల కిందట బోనస్ డబ్బుతో కొన్న సెమీ అకౌస్టిక్ (విడిగానూ, స్పీకరుకు కలిపీ వాయించగలది), స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ ఒకటి నా దగ్గర ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే ఖరీదైనది సెమీ అకౌస్టిక్, తీగలు తెగిందీ అదే. కొన్న ఏడాది అది వెన్నలా పలికేది. తరువాత తరువాత తీగలు అదమడమే కష్టమై, అరగంటకే వేళ్లు నొప్పి పుడుతుండడంతో పక్కన పెట్టి మళ్లీ ఎఫ్310తోనే కాలక్షేపం చేస్తున్నాను. అందుకే వేళ్లకు హాయిగా ఉండే నైలాన్ తీగల గిటారు కానీ, పన్నెండు తీగలది కానీ కొనాలని మనసు లాగుతోంది. ఇల్లు రెండు పడకగదులది. బీరువా పైన ఇప్పటికే ఖాళీ లేదు. నాలాంటివాడికి ఎన్ని ఉంటే న్యాయమో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: లాసన్స్ బే పాతకాపు

అయ్యా, ఎన్ని అన్న సంగతి తరువాత చూద్దాం. ముందు మీ సెమీ అకౌస్టిక్ గురించి ఒక అనుమానం చెప్పాలి. గిటారు చెక్కకు 45 నుంచి 55 శాతం గాలితేమ అనుకూలమని తయారీదారులు చెబుతారు. మన విశాఖలో ఏడాదిలో చాలా నెలలు అది 70 దాటే ఉంటుంది. మీ ఎఫ్310 పై పలక ప్లై కాబట్టి తేమకు పెద్దగా చలించదు. సెమీ అకౌస్టిక్ పై పలక ఒకే చెక్కదైతే, అది తేమ పీల్చుకొని బ్రిడ్జి (పలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క) వెనుక పొట్టలా ఉబ్బుతుంది. పలక ఉబ్బితే బ్రిడ్జి లేస్తుంది, బ్రిడ్జితో పాటు తీగలూ లేస్తాయి. మీ వేళ్ల నొప్పికి కారణం ఇదే అయితే, మీరు నాలుగో గిటారు కొనబోతున్నది కేవలం రెండో గిటారు జబ్బు తెలియక.

చూసుకోవడం సులువు. తెగిన తీగలు వేసి శ్రుతి చేసి ఒక రోజు వదిలేసి, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) మీద ఇంజనీరింగ్ పిల్లలు వాడే ఉక్కు స్కేలు నిలబెట్టి, లావు తీగ అడుగుకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. 2.5 మిల్లీమీటర్లు ఉంటే ఇబ్బంది లేదు. 3.5 దాటితే మాత్రం వేళ్లు మొరపెట్టుకోవడం సహజం. అప్పుడు తెలిసినవారి చేత మెడ లోపలి ఇనుప కడ్డీ అయిన ట్రస్ రాడ్ సరిచేయించి, అప్పటికీ తగ్గకపోతే సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) అరగదీయించాలి. ఒక జాగ్రత్త మాత్రం మరవవద్దు. ఉన్న ఒక్క సాడిల్‌నూ వానాకాలంలో అరగదీయిస్తే, సంక్రాంతి నాటికి గాలి కాస్త పొడిబారి పలక దిగినప్పుడు తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటాయి. అందుకే నేను రెండు సాడిళ్లు ఉంచుకొని కాలాన్ని బట్టి మారుస్తాను. ఒకసారి ఓ దుకాణంలో మరమ్మతుకు ఇస్తే అతను నన్ను అడగకుండానే అసలు సాడిల్ సగానికి అరగదీసి పెట్టాడు. ఆ ఏడాది చలికాలమంతా ఆ గిటారు ఈగలా రొద చేసింది.

ఇక ఎన్ని అన్న ప్రశ్న. సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉన్న మా ఇంట్లో మామూలు ఉక్కు తీగలు రెండు నెలలకే నల్లబడతాయి. సన్న తీగలు రెండూ గరుకెక్కుతాయి, వాయించి లేచాక వేలికొసలకు ఇనుము వాసన పట్టేస్తుంది. సెట్టు 450 రూపాయల చొప్పున ఏడాదికి ఆరు సెట్లంటే ఒక్కో గిటారుకు 2,700 రూపాయలు, మూడింటికి 8,100. మీరు ఉక్కునగరంలో ఉన్నారు కనుక ఉప్పుగాలి కొంత తక్కువ తగలవచ్చు, కానీ లెక్క చేసే పద్ధతి అదే. డబ్బు కంటే ముఖ్యమైనది సమయం. తీగలు తీసి, ఫ్రెట్‌బోర్డు తుడిచి, కొత్తవి వేసి, అవి సాగి కుదురుకొనేదాకా మళ్లీ మళ్లీ శ్రుతి చేయడానికి గంట పడుతుంది. వారానికి నాలుగు గంటలు వాయించేవారు అందులోంచి ఎన్ని గిటార్లకు ఆ గంట ఇవ్వగలరో అన్నే ఉంచుకోవాలని నా అభిప్రాయం. మీ విషయంలో అది రెండుకు మించదు.

ఈ అభిప్రాయానికి నేను పుస్తకం చదివి రాలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన పగలు మా హాలు కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా లోపలికి కొట్టినప్పుడు నాకు అయిదు గిటార్లు ఉండేవి. అందులో మూడు గోడకు అలంకారంగా వేలాడుతున్నాయి. గట్టి పెట్టెలో ఉన్న రెండింటినీ వంటగదిలోకి లాక్కుపోయాను, మిగిలినవి తడిశాయి. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేని ఆ ఉక్కలో ఒకదాని బ్రిడ్జి జిగురు వదిలి పలక నుంచి లేచిపోయింది. ఆ మూడింటినీ అంతకుముందు సంవత్సరంలో ఎన్నిసార్లు వాయించానని ఆలోచిస్తే వేళ్లు మడిచి లెక్కపెట్టేంత కూడా లేదు. ఇప్పుడు నాకు ఉన్నవి రెండే.

జవాబు: ఎంవీపీ గిటారు మాస్టారు

పాతకాపు గారి రోగనిర్ణయంతో పూర్తిగా ఏకీభవిస్తాను, లెక్కతో ఏకీభవించను. తీగల ఖర్చు చూసి వాయిద్యాల సంఖ్య తేల్చడం బియ్యం ధర చూసి పిల్లల సంఖ్య తేల్చినట్టుగా ఉంటుంది. వాయించని గిటారు తీగలను రెండు నెలలకు మార్చవలసిన పని కూడా లేదు. నేను నా విద్యార్థులను అడిగే ప్రశ్న వేరు: ఉన్నవాటి మీద చేయలేనిది ఏది ఆ కొత్తదాని మీద చేయబోతున్నారు?

ఆ ప్రశ్నకు నైలాన్ గిటారు నిజాయితీగా జవాబు చెప్పగలదు. దాని నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు 52 మిల్లీమీటర్లు, మీ ఎఫ్310 వంటి వాటిది 43 దగ్గర ఉంటుంది. బ్రిడ్జి దగ్గర కూడా తీగలు ఎడంగా ఉంటాయి కనుక కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా మీటే అలవాటు వస్తుంది. ఆరు ఉక్కు తీగలు కలిసి మెడను లాగే బలం దాదాపు 70 కిలోలు ఉంటే, నైలాన్ తీగలది దాదాపు 40 మాత్రమే కనుక ఎడమచేతికి కూడా సుఖమే. పైగా సన్న తీగలు మూడింటికి తుప్పు అనే ప్రసక్తే లేదు. లావు తీగలు మూడింటికి చుట్టిన లోహం మాత్రం మన గాలికి వన్నె తగ్గుతుంది. అయితే ఆ వెడల్పు మెడ మీద బారె కార్డులు (చూపుడు వేలితో తీగలన్నిటినీ ఒకేసారి అదిమేవి) పట్టడం మొదట్లో మీరు అనుకున్నంత హాయిగా ఉండదని ముందే చెబుతున్నాను. ఉక్కు తీగలు కష్టంగా ఉన్నాయని నైలాన్‌కు వచ్చి, అటువంటి ఎఫ్ కార్డు దగ్గర ఆగిపోయినవారిని చాలామందిని చూశాను.

పన్నెండు తీగలది మీకు వద్దు. లావు తీగల వైపు నాలుగు జతల్లో ఒక్కోదానికి పై స్థాయి తీగ, మిగిలిన రెండు జతల్లో సమాన శ్రుతి తీగలు ఉంటాయి కాబట్టి మొదటిసారి మీటినప్పుడు గది నిండిపోయినట్టు అనిపించే మాట నిజమే. కానీ ఆ నిండుదనం నాలుగు పాటలకు సరిపోతుంది. అయిదో పాటకు శ్రుతి సరిచేసుకుంటూ కూర్చోవాలి.

నా లెక్క ప్రకారం ఉక్కు తీగలది ఒకటి, నైలాన్‌ది ఒకటి, ఎలక్ట్రిక్ ఒకటి, ఈ మూడూ మూడు వేర్వేరు వాయిద్యాలు. ఉక్కు తీగలవి రెండు ఉండడమే మీ దగ్గర ఉన్న చిక్కు. నా దగ్గర విద్యార్థులకు ఇచ్చే నైలాన్ గిటారు ఒకటి ఉంది. కొనే ముందు ఒక నెల తీసుకెళ్లి వాయించి చూడండి.

జవాబు: మధురవాడ తొమ్మిది

నా పేరులోనే నా నేరం ఉంది కనుక దాచను, నాకు తొమ్మిది ఉన్నాయి. రెండింటికి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉంది. అది స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది కాబట్టి ఒక్క తీగ శ్రుతి మారిస్తే మిగిలిన అయిదూ కదిలిపోతాయి. అర స్వరం దించిన పాటలకు ఒకటి, మామూలు శ్రుతికి ఒకటి ఉండడం విలాసం కాదని వాదించగలను. మిగిలిన ఏడింటికి అటువంటి వాదన ఏదీ నా దగ్గర లేదు. అవి నాకు ఇష్టం, అంతే. మా నాన్నగారు తపాలా బిళ్లలు దాచేవారు, ఎవరూ ఆయనను ఎన్ని ఉత్తరాలు రాశారని అడగలేదు.

కానీ ప్రశ్న వేసినవారికి ఒకటే మాట. వాయించడం, కూడబెట్టడం రెండు వేర్వేరు సరదాలు, రాత్రి పన్నెండింటికి ధరలు చూసేది రెండోది. కూడబెట్టదలచుకుంటే అందుకు తగ్గ గది ఉండాలి. నేను ఒక చిన్న గదిని మూసి, గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టి, 55 శాతం దగ్గర నిలుపుతున్నాను. రోజూ సాయంత్రం దాని తొట్టిలో చేరిన నీళ్లు మొక్కలకు పోస్తాను. రాత్రి ఏసీ, పగలు ఉక్క ఉండే పడకగదిలో గిటారు పెట్టడం కంటే బీరువా లోపలే నయం. తేమ పీల్చే సిలికా జెల్ గింజలు వాడదలిస్తే నీలం రంగుది కాక నారింజ రంగుది తీసుకోండి. నీలం దానిలో హానికరమైన కోబాల్ట్ ఉంటుంది. నారింజ గింజలు ఆకుపచ్చగా మారితే తేమ పట్టేశాయని అర్థం. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికి వస్తాయి.

జవాబు: సీతమ్మధార వైణికురాలు

నేను గిటారు వాయించను, కానీ చర్చ చదువుతుంటే మా ఇల్లు గుర్తుకు వచ్చింది. మా అమ్మమ్మ గారి బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలో తొలిచినది. మూడు తరాలకు అది ఒక్కటే. మైనం మీద కూర్చిన ఇరవై నాలుగు మెట్లూ మన ఎండలకు కాస్త కాస్త జరిగిపోతుంటాయి కనుక, ఏళ్లకు ఒకసారి మైనం మెత్తబరిచి మళ్లీ అమర్చడానికి మనిషిని పిలిపించేవారు. ఆ వారమంతా సాధన ఆగిపోతుందని అమ్మమ్మ విసుక్కునేవారు తప్ప, ఇంకో వీణ కొందామని ఇంట్లో ఎవరికీ తోచలేదు. రెండోది ఉంటే మొదటిదాన్ని బాగు చేయించేవారు కాదేమో. మీ అత్తగారు అడిగిన ప్రశ్న కూడా అదే అని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న వేసినవారి జవాబు: ఉక్కునగరం శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. బి షిఫ్టు ముగించుకొని రాత్రి పదిన్నరకు వచ్చి, తీగలు వేసి, మరునాడు మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని ఉక్కు స్కేలుతో కొలిచాను. 4 మిల్లీమీటర్లు వచ్చింది. స్కేలును పలక మీద బ్రిడ్జి వెనుక అడ్డంగా పెడితే రెండు చివర్లూ గాలిలో ఊగుతున్నాయి. కొద్దిపాటి వంపు సహజమేనని చదివాను కానీ ఇది కొద్దిపాటిది కాదు. పాతకాపు గారు చూడకుండానే చెప్పారు. గిటారును పెట్టెలో పెట్టి నారింజ గింజల సంచులు రెండు, చిన్న తేమ కొలిచే యంత్రం లోపల ఉంచాను. మొదటి రోజు 76 చూపింది, అయిదో రోజు ఉదయానికి 58. తీగలు ఇప్పుడు 3.2 దగ్గరకు దిగాయి. సాడిల్ జోలికి ఇంకా పోలేదు, రెండోది దొరికాకనే ఆ పని.

ఎఫ్310ను గాజువాకలో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడికి ఇవ్వాలని నిశ్చయించాను. ఇస్తానని చెప్పిన రాత్రి దాన్ని రెండు గంటలు వాయించాను, అది వేరే సంగతి. అది వెళ్లిపోతే నాకు మిగిలేవి రెండు. మాస్టారి లెక్కలో మూడో స్థానం ఖాళీగా ఉన్నట్టు, పాతకాపు గారి లెక్కలో నిండిపోయినట్టు. ఎవరి మాట వినాలో కొనకుండా తేల్చుకునే అవకాశం ఉంది కాబట్టి, మాస్టారూ, మీ నైలాన్ గిటారు నెల రోజులకు తీసుకుంటాను. ఈ ఆదివారం నాకు సెలవు, ఉదయం పదింటికి వస్తాను. స్కూటరు మీద తేవడానికి దానికి గట్టి పెట్టె ఉందో, లేక ఆటో మాట్లాడుకొని రావాలో ఒక్క మాట చెప్పగలరు.