హెచ్‌బీబీ (హిమోగ్లోబిన్ బీటా జీన్) సీక్వెన్స్‌ల సికిల్ సెల్ మార్పు కనిపిస్తలేదు, ఎక్కడ చూడాలె?

ప్రశ్న (హన్మకొండ, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ)
ఉట్నూరు వైపు నుంచి వచ్చిన శాంపిల్, కోడ్ నంబర్ తప్ప పేరు లేదు. సాల్యుబిలిటీ టెస్ట్ (రక్తంల సికిల్ హిమోగ్లోబిన్ ఉందా అని చూసేది) పాజిటివ్. మొదటి ఎక్సాన్ (ప్రోటీన్ కోడ్ ఉండే ముక్క) సాంగర్ సీక్వెన్సింగ్ ఫాస్టాను (అక్షరాల ఫైల్) బ్లాస్ట్‌ల (సీక్వెన్స్‌లు పోల్చే టూల్) వేస్తే నార్మల్‌తోని 100 శాతం కలుస్తున్నది. ట్రాన్స్‌లేట్ చేస్తే మధ్యమధ్యల స్టాప్‌లు (ప్రోటీన్ ఆగే కోడాన్లు). ఎక్కడ తప్పుతున్న?

జవాబు 1
తమ్మీ, ఫాస్టా పక్కన పెట్టి ఏబీ1 ఫైల్‌ను (సీక్వెన్సర్ ఇచ్చే పీకుల గ్రాఫ్) ఫించ్‌టీవీలనో క్రోమాస్‌లనో తెరువు. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఎత్తు పీక్‌నే అక్షరంగా రాస్తది. క్యారియర్‌ల (ఒక్క కాపీలనే మార్పు ఉన్నవాళ్లల్ల) దాని కిందున్న రెండో పీక్ ఫాస్టాలకు రాదు. 'ఏటీజీ జీటీజీ సీఏటీ సీటీజీ ఏసీటీ సీసీటీ జీఏజీ' వెతుకు. చివరి జీఏజీల నడిమి ఏతో పాటు టీ పీక్ కూడా ఉంటే అదే సికిల్ మార్పు (కోడింగ్ 20వ బేస్‌ల ఏ బదులు టీ), సి.20ఏ>టీ. రివర్స్ రీడ్‌ను రివర్స్ కాంప్లిమెంట్ చేసి అందుల కూడా చూడు, ఒక్క రీడ్‌లనే ఉంటే నమ్మకు. రీడ్ మొదట్ల 30–50 బేసులు గజిబిజిగ ఉంటయి. ప్రైమర్ మరీ దగ్గర పెడితే మనకు కావాల్సిన చోటే అందుల పోతది.
స్టాప్‌లంటవా, మొదటి ఎక్సాన్‌ల కోడింగ్ 92 బేసులే, ఆ వెంటనే 130 బేసుల ఇంట్రాన్ (ప్రోటీన్‌గ మారని ముక్క). ఎన్‌ఎం_000518.5తోని (హెచ్‌బీబీ రిఫరెన్స్ ఎంఆర్‌ఎన్‌ఏ) అలైన్ చేసి, ఏటీజీ నుంచి ఆ 92 వరకే ట్రాన్స్‌లేట్ చెయ్యి.

జవాబు 2
జంట పీక్ దొరకగానే 'ట్రెయిట్' (క్యారియర్) అని రాసేయకండి. అదే రీడ్‌లో సి.92+5 (ఇంట్రాన్‌లో 5వ బేస్) చూడండి. మన దేశంలో బీటా తలసీమియాకు బాగా కనిపించే మార్పు అక్కడి జీ>సీ. రెండుచోట్లా జంట పీకులుంటే సికిల్-బీటా తలసీమియా కావచ్చు, అది జబ్బు. రెండు మార్పులూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయో, వేర్వేరుగా ఉన్నాయో సాంగర్ చెప్పదు. తల్లిదండ్రుల శాంపిళ్లు కావాలి. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే పరీక్ష) తప్పకుండా చేయించండి: ట్రెయిట్‌లో హెచ్‌బీఏ (మామూలు హిమోగ్లోబిన్) ఎక్కువ, హెచ్‌బీఎస్ (సికిల్ హిమోగ్లోబిన్) తక్కువ, ఈ జబ్బులో తారుమారు. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే మాత్రం ఆ లెక్క నిలవదు.

ప్రశ్న అడిగినవారు
రెండు రీడ్లల్ల ఏ, టీ ఉన్నయి. సి.92+5 దగ్గర జీ ఒక్కటే. పుస్తకంల గ్లూ6వాల్ (6వ చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్), క్లిన్‌వార్‌ల (జన్యు మార్పుల డేటాబేస్) గ్లూ7వాల్, జీనోమ్ బ్రౌజర్‌ల టీ>ఏ. ఏది రాయాలె?

జవాబు 3
మూడూ ఒకే మార్పు. పాత లెక్కలో మొదటి మెథియోనిన్‌ను వదిలేసేవారు, ఇప్పుడు కలుపుతారు. ఈ జీన్ 11వ క్రోమోజోమ్ మైనస్ స్ట్రాండ్ (ఎదురు పోగు) మీద ఉంది కాబట్టి జీనోమ్‌లో టీ>ఏగా కనిపిస్తుంది: రిఫరెన్స్ జీనోమ్ బిల్డ్ జీఆర్‌సీహెచ్38లో 5227002, 37లో 5248232. బిల్డ్ పేరు లేకుండా ఆ అంకె రాయకండి. రిపోర్టులో 'ఎన్‌ఎం_000518.5:సి.20ఏ>టీ, హెటెరోజైగస్, ఆర్‌ఎస్334' అని రాయండి (హెటెరోజైగస్ అంటే ఒక్క కాపీలోనే మార్పు, ఆర్‌ఎస్334 ఆ మార్పు డేటాబేస్ నంబర్). వీఈపీలో (మార్పు ప్రభావం చెప్పే టూల్) కూడా ఇదే రూపంలో ఇస్తే స్ట్రాండ్ తికమక ఉండదు.