12 గేజా, 20 గేజా? ఇంటి రక్షణకు ఏ షాట్‌గన్?

ప్రశ్న:
మావారికి నైట్ షిఫ్టులు. రాత్రిళ్ళు ఇంట్లో నేనూ, ఎనిమిదేళ్ల పాపే ఉంటాం. ఆయన 12 గేజ్ పంప్ షాట్‌గన్‌ని రేంజ్‌లో కాల్చి చూశాను. మూడో తూటాకే భుజం కమిలిపోయింది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోయాయి. పంప్‌ని, అంటే తూటా మార్చడానికి ముందుకూ వెనక్కీ లాగే పిడిని, పూర్తిగా వెనక్కి లాగలేకపోతే ఖాళీ తూటా లోపలే ఉండిపోయింది. 20 గేజ్ కొందామంటే "అది పిట్టలకే, మనిషిని ఆపదు" అంటున్నారు. 410 అయితే అసలు తన్నదని ఇంకొకరి సలహా. నిజంగా తేడా ఎంత?

జవాబు 1:
12 గేజ్‌ని అప్పుడే వదిలేయకండి. రీకాయిల్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ) తక్కువగా ఉండే బక్‌షాట్ (పెద్ద గుళ్ళ) తూటాలు దొరుకుతాయి. మామూలు తూటాలో గుళ్ళ వేగం సెకనుకు 1,325 అడుగుల దాకా ఉంటే, వీటిలో 1,150 దగ్గర ఉంటుంది. తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) మీ చేతికి పొడవైందేమో కూడా చూడండి. చేతులు చాచి పట్టుకుంటే ఎవరికైనా భుజం కములుతుంది.

జవాబు 2:
చాలా ఏళ్లుగా కొత్తవాళ్లకు షాట్‌గన్ నేర్పిస్తున్నానండి. మీ విషయంలో నా ఓటు 20 గేజ్‌కే.

ఒక పౌండు సీసాన్ని గొట్టం లోపలి వెడల్పుకు సరిపోయే గుండ్లుగా పోస్తే 12 వస్తే 12 గేజ్, 20 వస్తే 20 గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12కి 18.5 మిల్లీమీటర్లు, 20కి 15.6. 410 మాత్రం గేజ్ కాదు, 0.410 అంగుళాల వెడల్పే దాని పేరు. అందులో పెద్ద బక్‌షాట్ నాలుగైదు గుళ్ళే పడతాయి. తన్నదన్న మాట నిజమే, కానీ గురి తప్పితే సర్దుకునే అవకాశం తక్కువ.

20 గేజ్‌లో 3వ నంబరు బక్‌షాట్ తూటాకు సుమారు 20 గుళ్ళు, ఒక్కోటి పావు అంగుళం. గది దూరంలో ఇది "పిట్టల తూటా" కానే కాదు. పిట్టల తూటా అంటే చిన్న గుళ్ళుండే బర్డ్‌షాట్, అది ఏ గేజ్‌లో వేసినా లోతుగా దిగదు. ఒకటి గుర్తుంచుకోండి, నాలుగైదు మీటర్లలో గుళ్ళు అరచేయంత మేరలోనే పడతాయి. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదన్న మాట నమ్మకండి. బక్‌షాట్ పలుచటి గోడల్ని దాటిపోతుంది. పాప గది ఎటువైపుందో ముందే చూసుకోండి.

కొనేముందు అద్దెకు తీసుకుని కాల్చండి. మరీ తేలికైన 20 కూడా గట్టిగానే తన్నుతుంది. మీకు తెలియకుండా మధ్యలో ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టమనండి. ట్రిగ్గర్ నొక్కగానే గొట్టం మూతి కిందికి దిగిందా, మీరు దెబ్బకు ముందే భయపడుతున్నట్టు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతోమందికి 12తో ఆ మూతి దిగేది, 20 ఇస్తే కదలకుండా నిలిచేది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, టెన్షన్ తగ్గింది. ఆయన 12 కూడా ఇంట్లోనే ఉంటుంది. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు 2:
ఉందండి, చాలా పెద్దది. 20 గేజ్ తూటాను పొరపాటున 12లో వేస్తే అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందనుకుని వెనకాల 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం చేతుల్లోనే పగులుతుంది. అందుకే 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేస్తారు. రెండు రకాల తూటాలనూ ఒకే జేబులో, ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకండి. తుపాకులు రెండూ తాళం పెట్టెలోనే ఉండాలి. తాళంచెవి ఎక్కడుందో పాపకు తెలియకూడదు.