క్లస్టర్‌లో జాబ్ పెండింగ్‌లోనే ఉంటోంది, ఏం చేయాలి?

బరంపురం_స్కాలర్:
నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన ఒక క్లస్టర్‌లో (చాలా కంప్యూటర్లని కలిపి ఒకటిగా వాడేది) మా గైడ్ గారి పేరు మీద అకౌంట్ ఉంది. ప్రొటీన్, నీళ్లు కలిపి 40,000 ఆటమ్‌లు. గ్రోమాక్స్‌లో (అణువుల కదలికల్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) 100 నానోసెకన్ల సిమ్యులేషన్ నడపాలి. 4 నోడ్లు (నోడ్ అంటే క్లస్టర్‌లో ఒక కంప్యూటర్, ఒక్కోదానికి 40 కోర్లు), 72 గంటలు అడిగాను. ఎప్పుడు చూసినా పెండింగే, కారణం 'ప్రయారిటీ' (ముందు వేరే జాబ్‌లున్నాయి) అంటోంది. పైగా ఫైళ్లు పర్లాకిమిడిలో ఇంటికి దింపుకుంటుంటే నెట్ మధ్యలో తెగిపోతోంది.

స్లర్మ్_మాస్టారు:
ముందు 4 నోడ్లు కావాలో వద్దో తేల్చుకోండి. 160 కోర్లకి పంచితే కోర్‌కి 250 ఆటమ్‌లే. నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికే బోలెడు టైం పోతుంది. 50,000 స్టెప్పుల టెస్ట్ రన్ ఒక నోడ్ మీద, రెండు నోడ్ల మీద వేసి, లాగ్ చివర రోజుకి ఎన్ని నానోసెకన్లో చూడండి. 'రీసెట్‌హెచ్‌వే' ఆప్షన్ పెడితే లోడ్ సర్దుకునే మొదటి సగం లెక్కలోకి రాదు. రెండో నోడ్‌తో ఒకటిన్నర రెట్లు కూడా రాకపోతే ఒకటే చాలు.

ఇక టైం. పెద్ద జాబ్‌కి నోడ్లు పోగయ్యేలోపు స్లర్మ్ (జాబ్‌లని క్యూలో పెట్టి నోడ్లు పంచే సాఫ్ట్‌వేర్) ఆ సందుల్లో చిన్న జాబ్‌లు దూరుస్తుంది, అదే బ్యాక్‌ఫిల్. 72 గంటలది ఎక్కడ పడుతుంది? 12 గంటల ముక్కలు చేయండి. సిమ్యులేషన్ నడిపే గ్రోమాక్స్ కమాండ్ ఎమ్‌డీరన్‌కి 'మ్యాక్స్‌హెచ్ 11.5' (గంటల్లో గడువు), 'సీపీఐ'తో చెక్‌పాయింట్ ఫైల్ (ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునేది) ఇస్తే టైం అయ్యేలోపే అదే రాసుకుని దిగిపోతుంది. లేదంటే గడువు దాటగానే స్లర్మ్ సిగ్నల్ పంపి, మామూలుగా 30 సెకన్లు చూసి చంపేస్తుంది. చెక్‌పాయింట్ 15 నిమిషాలకొకటి పడుతుంది కాబట్టి కొంపేం మునగదు గానీ, ఆ నష్టం మాత్రం ఎందుకు?

రాయగడ_హెచ్‌పీసీ:
ముక్కలన్నీ 'ఆఫ్టర్‌ఓకే' డిపెండెన్సీతో (ముందుది సరిగ్గా ముగిస్తేనే తర్వాతది మొదలవ్వాలన్న షరతు) ఒకేసారి గొలుసుగా వేసేయండి. మధ్యలో ఒకటి ఫెయిలైతే తర్వాతివి 'డిపెండెన్సీ నెవర్ శాటిస్ఫైడ్' అని క్యూలోనే వేలాడుతుంటాయి, వాటిని మీరే తీసేయాలి.

బరంపురం_స్కాలర్:
థాంక్సండీ. మరి ఫైళ్లు? టీఆర్‌ఆర్ ఫైల్ (ఆటమ్‌ల కదలికల రికార్డు) 500 స్టెప్పులకొకసారి రాయిస్తున్నాను, పొజిషన్లు, వెలాసిటీలు రెండూ.

స్లర్మ్_మాస్టారు:
అక్కడే ఉంది చిక్కు. ఒక్కో ఫ్రేమ్ (ఒకసారి రాసేది) దాదాపు 1 ఎంబీ. 2 ఫెమ్టోసెకన్ల స్టెప్‌కి లక్ష ఫ్రేములు, అంటే 96 జీబీ! టీఆర్‌ఆర్ ఆపేసి ఎక్స్‌టీసీ (కుదించి రాసే ఫైల్) 5,000 స్టెప్పులకి పెట్టండి, ఒకటిన్నర జీబీ దగ్గర తేలుతుంది. గ్రోమాక్స్‌లోని ట్రజ్‌కాన్వ్ కమాండ్‌తో నీళ్ల ఆటమ్‌లు తీసేస్తే ఇంకా చిన్నదవుతుంది. ఆ పని లాగిన్ నోడ్ (అందరూ లాగిన్ అయ్యే కంప్యూటర్) మీద చేయకండి, అడ్మిన్లు ప్రాసెస్ కిల్ చేస్తారు. చిన్న జాబ్‌గా వేయండి. దింపుకోడానికి ఎస్‌సీపీ కమాండ్ వద్దు, ఆర్‌సింక్ కమాండ్‌కి 'అపెండ్ వెరిఫై' ఆప్షన్ ఇవ్వండి. నెట్ తెగితే అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.