అప్‌డేట్: ఇతరుల లేఅవుట్‌లను చూశాక నా పలక మీద జరిగిన మార్పు

ఆరడుగుల పలక మీద హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు, 1:87) బొమ్మ రైలు లేఅవుట్, అంటే పట్టాలు, పరిసరాల అమరిక, కట్టడానికి ఇతరుల పనిలో ఏమి గమనించాలని గతంలో అడిగాను. దృశ్యాలకన్నా ముందు పట్టాల అమరికను చూడమన్న సలహాయే నాకు అక్కరకు వచ్చింది. అంతవరకు కొండలు, సొరంగాలు, వంతెనలు ఉన్న ఫొటోలనే పోగుచేసుకుంటూ, అవి గదినిండా పరుచుకున్న లేఅవుట్‌లని గుర్తించలేకపోయాను.

చివరకు అలన్ రైట్ రూపొందించిన, వ్యాగన్లను వరుసలో కూర్చే పజిల్ లాంటి ఇంగిల్‌నుక్ నమూనాను ఎంచుకున్నాను. రెండు పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించేవి), మూడు సైడింగ్‌లు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు), ఎనిమిది వ్యాగన్లు ఉంటే చాలు. ఒక సైడింగ్‌లో ఐదు, మిగిలిన రెండింటిలో మూడేసి వ్యాగన్లు పడతాయి కనుక, ఐదింటిని కోరిన వరుసలో కూర్చడానికి ఇంజను ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ తిరగవలసి వస్తుంది. పొట్టి వ్యాగన్లు వాడడంవల్ల ఇదంతా పలకలో ఇమిడింది.

పేరున్న అమెరికన్ బొమ్మ రైళ్ల రూపకర్త జాన్ అలెన్ తన లేఅవుట్‌లో చేసినట్లు, స్థలం పెద్దదిగా కనిపించాలని నేనూ చివరన అద్దం నిలబెట్టాను. పట్టాలకన్నా నా ముఖమే ఎక్కువ కనిపించింది. అద్దం తీసేసి, అక్కడ గోదాము గోడ కడుతున్నాను. పాతబడినట్లు కనిపించడానికి వేసే తుప్పు రంగులు ఇంకా మొదలుపెట్టలేదు.