అప్‌డేట్: ఫన్ రన్ డబ్బులు ఎటు పోయాయంటే

టెక్సస్‌లో మా అమ్మాయి ఎలిమెంటరీ స్కూల్‌లో ఏడాది పొడుగునా విరాళాలు అడుగుతారు, ఫన్ రన్ (పిల్లలు మైదానం చుట్టూ ల్యాపులు పరిగెత్తి, వాటికి బంధువుల దగ్గర విరాళాలు తెచ్చే కార్యక్రమం) కూడా పెడతారు, లెక్క మాత్రం చెప్పరు, ఏం చేయాలని మొన్న అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ప్రిన్సిపాల్‌ని అడిగితే "అది పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) డబ్బు, మాది కాదు" అన్నారు. అదీ నిజమే, పీటీఏ వేరే సంస్థ. కానీ అది పన్ను మినహాయింపున్న 501(సి)(3) సంస్థ, కాబట్టి ఎవరడిగినా ఫారం 990 (ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా పన్నుల శాఖకి, ఏటా ఇచ్చే ఆదాయ ఖర్చుల లెక్క) చూపించాల్సిందే. ఐఆర్ఎస్ సైట్‌లో వెతికితే దొరికింది. (ఏడాదికి రాబడి 50,000 డాలర్లు దాటని చిన్న పీటీఏలు 990-ఎన్ అనే చిన్న ఫారంతో సరిపెట్టేస్తాయి, అందులో ఖర్చుల ఊసే ఉండదు. మాది అంత చిన్నది కాదు లెండి.)

ఫారంలో మొత్తాలు తప్ప వివరాల్లేవు. అందుకే పీటీఏ సభ్యత్వం కట్టి, మీటింగ్‌కి వెళ్లి, ఫన్ రన్ నడిపే కంపెనీతో రాసుకున్న ఒప్పందం చూపించమన్నాను. ట్రెజరర్ పాపం మంచావిడ, దాచలేదు. వచ్చినదాంట్లో దాదాపు మూడో వంతు కంపెనీకే! మా అత్తగారు గుంటూరు నుంచి మనవరాలి ల్యాపులకని పంపిన డబ్బులోనూ వాళ్లకు వాటా పోయిందన్నమాట. మిగిలినదాంట్లో పెద్ద మొత్తం స్కూల్ ముందు పెట్టిన ఎల్ఈడీ బోర్డుకు. ఆర్ట్ టీచర్ మాత్రం రంగులు సొంత డబ్బుతో కొంటోంది. నాకు ఒళ్లు మండింది అక్కడే.

వచ్చే ఏడాది కంపెనీ వద్దు, ఇష్టమున్నవాళ్లు నేరుగా చెక్కు ఇస్తారని ప్రతిపాదించాను. బడ్జెట్‌తో పాటు ఓటుకు పెడతామన్నారు. చుట్టుపక్కల తెలుగు వాళ్లందరినీ సభ్యత్వం కట్టమని వెంటపడుతున్నాను, ఎందుకంటే సభ్యులకే ఓటు.