యంత్రానికి తెలివి ఉందంటే సరే, స్పృహ కూడా ఉందా?

తీరని సందేహం:
1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడిస్తే ‘వట్టి లెక్కల వేగం’ అని తీసిపారేశాం. 2016లో, గళ్ల బల్ల మీద రాళ్లు పెట్టి ఆడే గో ఆటలో, మేటి ఆటగాడు లీ సెడోల్ మీద ఆల్ఫాగో అనే ప్రోగ్రాం పెట్టిన 37వ రాయిని చూసి వ్యాఖ్యాతలు అది పొరపాటేమో అనుకున్నారు. చివరికి ఆ ఆట దానిదే అయింది. అయినా ‘ఇది తెలివి కాదు’ అంటూ గీతను ఇంకాస్త అవతలికి జరుపుతూనే ఉన్నాం. మాటల్లో మనిషికీ యంత్రానికీ తేడా పట్టగలమేమో చూడమని గణిత శాస్త్రవేత్త ట్యూరింగ్ 1950లోనే అన్నాడు. ఇప్పుడు చాలాసార్లు పట్టలేకపోతున్నాం కదా!

గడుసుపిండం:
పట్టలేకపోవడం మన బలహీనత, దాని ఘనత కాదు. 1966 నాటి ఎలిజా అనే సంభాషణ ప్రోగ్రాం సంగతి చూడండి. ‘దిగులుగా ఉంది’ అంటే ‘ఎందుకు దిగులుగా ఉంది?’ అని మన మాటనే తిప్పి అడగడం దాని విద్య. దాని సృష్టికర్త వైజెన్‌బామ్ దాన్ని తయారు చేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శే, దానితో నాలుగు మాటలాడగానే, కాస్త బయటికి వెళ్లమని ఆయన్ని కోరారు! ఇక తత్వవేత్త సెర్ల్ 1980లో ఊహించి చెప్పిన గది ఉండనే ఉంది. చైనా భాష రాని మనిషి లోపల కూర్చుని, నియమాల పుస్తకం చూస్తూ, వచ్చిన గుర్తులకు తగిన గుర్తులు బయటికి పంపుతుంటాడు. బయటివారికి అతను పండితుడు. అతనికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు.

తీరని సందేహం:
నా మెదడులో ఏ నాడీకణానికి తెలుగు వచ్చు? నాకు వచ్చు. అలాగే గది మొత్తానికి చైనా భాష వచ్చేమో!

గడుసుపిండం:
దానికీ సెర్ల్ దగ్గర జవాబుంది. అతను పుస్తకమంతా కంఠస్థం చేసి బయటికి వచ్చాడనుకోండి. ఇక గది లేదు, మొత్తం అతనే. భాష వచ్చిందా?

పక్కబెంచీ:
ఇద్దరూ రెండు ప్రశ్నలను ఒకే తాడుతో కడుతున్నారు. పని నెగ్గుకురావడం వేరు, లోపల ఏదైనా అనిపించడం వేరు. శస్త్రచికిత్సలో కండరాలు సడలించే మందు ఇచ్చాక రోగి వేలైనా కదపలేడు. అరుదుగా, మత్తు చాలక, మధ్యలో మెలకువ వస్తుంది. కోత తెలుస్తుంటుంది, అరవలేడు. అక్కడ స్పృహ ఉంది, మాట లేదు. ఎలిజాలో మాట ఉంది, స్పృహ లేదు. నేటి సంభాషణ యంత్రాలు మనుషులు నొప్పి గురించి రాసిన రాతలన్నీ మింగి, తర్వాత రావలసిన పదాన్ని అంచనా కడతాయి. కాబట్టి ‘నాకు బాధగా ఉంది’ అని అది అన్నా సాక్ష్యం కాదు. ‘నాకు అనుభూతులు లేవు’ అన్నా కాదు, అదీ నేర్పిన మాటే. ఈ రెండోది గడుసుపిండం గారికి రుచించదని తెలుసు.

గడుసుపిండం:
రుచించదు. మరి దేన్ని చూసి తేల్చాలి?

పక్కబెంచీ:
లోపలి నిర్మాణాన్ని. కానీ ఏం వెతకాలో మెదడు విషయంలోనే తేలలేదు. స్పృహకు మూలమైన నాడీ సంకేతం పాతికేళ్లలో దొరుకుతుందని 1998లో మెదడు శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోచ్ తత్వవేత్త చామర్స్‌తో పందెం కాశాడు. 2023లో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు అప్పగించాడు.

తీరని సందేహం:
స్పృహ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెలివి మాట మాత్రం తీసుకోను. ఆ 37వ రాయి ఏ పుస్తకంలోంచి ఎత్తి రాసిందో గడుసుపిండం గారు చెప్పాలి.